పలక మీద ప్లాను

"ఒక్క పేజీ చాలమ్మా," అన్నాడు ఫీల్డాఫీసరు,
"మార్కెటింగ్ ప్లాన్ లేకుండా
ఫైలు ముందుకు కదలదు."
పలకలు చేసేవాళ్ళం సారూ,
పేజీ ఎందుకు, అనబోయి
నోరు మూసుకుని వచ్చేశాను.

మార్కాపురంలో కంభం రోడ్డు పక్కన మా షెడ్డు.
పైన రేకులు, కింద రాతిపొడి,
మధ్యలో ఆరుగురం దగ్గుకుంటూ.
మాలకొండయ్య మామ రాయిని చీలుస్తాడు
ఉల్లిపొర విడదీసినట్టు.
ఆ చెయ్యి ఎంత తెలివైందో
ఆయన లెక్క అంత మొద్దు.
"చేసేదీ మనమే, అమ్మేదీ మనమేనా?" అంటాడు.

రాత్రి, కరెంటున్నంతసేపు
ఒక పలక ఒళ్ళో పెట్టుకుని కూచున్నా.
ఎవరికి? అని రాశా.
పిల్లలకి, అని రాసి
చాలాసేపు ఆ మాటనే చూశా.
ఒక పిల్లాడికి జన్మకొక పలక.
అక్షరాలు దిద్దించి, ఫొటో తీయించి
బీరువా మీదికి ఎక్కించేస్తారు.
జన్మకొక్కసారి వచ్చే గిరాకీని
ఎన్నిసార్లని పిలవను?
ఉమ్మి పెట్టి చెరిపేశా.
తప్పే. తడిగుడ్డ దూరంగా ఉంది.

నాలుగు వరుసలకే నిండిపోతుంది పలక.
మంచిదే అయింది.
కాగితమైతే రాసేసేదాన్ని
దేశమంతా అనీ, ఐదేళ్ళలో అనీ.
బలపం అంత దూరం నడవదు,
అరిగిపోతుంది.

పొద్దున్నే కూరగాయల మార్కెట్టుకెళ్ళా,
కొనడానికి కాదు, చూడ్డానికి.
తర్లుపాడు రంగలక్షుమ్మ
టమాటా ధర అట్టముక్క మీద రాసింది,
కొట్టేసి రాసింది, మళ్ళీ కొట్టేసి రాసింది.
పదకొండింటికి దాని మీద
ముప్పై ఉందో ఇరవై ఉందో
ఆమెకే తెలియదు.
జల్లు పడింది.
అట్ట నీళ్ళు తాగి ముందుకు వాలిపోయింది.

వీపు మీద ఎవరో చరిచినట్టైంది నాకు.
పూటకోసారి మాట మార్చుకునేవాళ్ళకి కదా
పలక కావాల్సింది!

ఎవరికి: ధర నిలవని వాళ్ళకి.
ఎంత: అరవై, బలపాలు రెండు కొసరు.
ఎవరు చెబుతారు: నేను కాదు,
పక్కకొట్టువాడు చూసి
"ఇదెక్కడిది?" అని అడగాలి.
ఖర్చు: పది పలకలు ఊరికే పంచడం.
ఇక్కడ మామకి కోపమొచ్చింది.
"ఊరికే ఇచ్చిందానికి విలువుంటదా?" అని
రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

పంచాం. నిజం చెప్పాలి కదా,
రంగలక్షుమ్మ దాని మీద
పచ్చిమిరపకాయలు కుప్ప పోసుకుంది.
టీకొట్టు కాశయ్య గ్లాసులు బోర్లించాడు.
ముగ్గురు మనవళ్ళకని ఇంటికి పట్టుకుపోయారు.
ఒకటి పగిలింది.
మామ ఏమీ అనలేదు.
అనకపోవడమే ఎక్కువ వినిపించింది.

ఫ్రేములు బిగించే మస్తాన్‌బీ మాత్రం నవ్వింది:
"పడుకోబెడితే పళ్ళెమే అక్కా,
నిలబెట్టు, పలకవుతుంది."
చెక్కకి పైన చిల్లు పొడిచి
తాడు కట్టింది.
రూపాయిన్నర తాడు.
నా ప్లానులో లేనిది అదొక్కటే,
పలకని అమ్మిపెట్టిందీ అదే.
కళ్ళ ముందు వేలాడేసరికి
వాళ్ళకీ రాయబుద్ధయింది.
ఇడ్లీ అయిపోయింది.
కొరమేను రేపు.
కాశయ్యది మరీ ముచ్చట: అప్పు నిన్నటితో ఆఖరు.
ఆ నెల నలభై మూడు పోయినయ్.
గొప్పేం కాదు, రెండు బండ్ల రాయి కూడా కాదు.

పలక సంచిలో వేసుకుని బ్యాంకుకెళ్ళా.
సారు అటూ ఇటూ తిప్పి చదివాడు.
"బానే ఉంది గానీ
దీన్ని ఫైల్లో ఎట్లా కుట్టను?"
ఆయన వెనక, కౌంటరు అద్దానికి
టేపు ఊడిన కాగితమొకటి
ఒంటి మూల మీద వేలాడుతోంది:
లింకు లేదు.

నా ప్లాను అక్కడే తుడిచేశా.
అప్పటికే అది నోటికొచ్చు.
గుండ్రంగా, దూరానికి కనపడేలా
ఆ రెండు మాటలూ రాసి, తాడు సరిచేసి,
అరవై అడిగి తీసుకున్నా.

లోను సంగతంటారా,
మూడు వారాలుగా తిరుగుతూనే ఉన్నా.
గుమ్మంలోంచే చెప్పేస్తోంది మా పలక,
నా చేతిరాతతోనే,
ఈరోజు కూడా లింకు లేదని.